దక్షిణం చూసే పుర్రెలు

నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. అమలాపురం కాలేజీలో చదివినన్నాళ్ళూ దాంతో ఏం చేస్తానో నాకే తెలియదు, మా నాన్నకి అసలే తెలియదు. ఆడపిల్ల పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరే ఉద్యోగం ఏదైనా గొప్పదే అన్నది ఆయన సిద్ధాంతం. తొంభైల చివర్లో అల్లవరం వెళ్ళే దారిలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు లేచింది. కెమిస్టు కావాలన్నారు. సైకిలెక్కి వెళ్ళి చేరిపోయాను. నాకంటే ముందే మా బాబాయి అక్కడ కెమికల్ స్టోరు చూస్తుండేవారు.

బాబాయి అంతకు ముందు అంబాజీపేటలో ఎండుకొబ్బరి యార్డులో పనిచేసేవారు. ఎండలో కొబ్బరి చిప్పలు తిరగేసి తిరగేసి మనిషి రంగే మారిపోయిందని పిన్ని అనేది. ప్లాంటుకి వచ్చాక జీవితంలో మొదటిసారి ఆయనకో కుర్చీ దొరికింది. నెత్తి మీద ఫ్యాను కూడా. ఆ ఫ్యాను తిరిగేది కాదనుకోండి, అయినా ఫ్యాను ఫ్యానే. అందరూ ఆయన్ని 'స్టోరు గారూ' అని పిలిచేవారు. పెళ్ళిళ్ళలోనూ, ఊళ్ళో అరుగుల మీదా ఆ పేరే ఖాయమయ్యేలా ఆయనే జాగ్రత్త పడ్డారు.

స్టోరు అంటే ప్లాంటు వెనక కిటికీ లేని గది. దక్షిణపు గోడ పొడవునా క్యాన్లూ, డ్రమ్ములూ వరసగా ఉండేవి. గొట్టాల్లో పేరుకున్న సున్నం కడగడానికి యాసిడ్. బల్లలూ, తొట్లూ శుభ్రం చెయ్యడానికి హైపో అని మేం పిలిచే క్లోరిన్ ద్రావకం. కాస్టిక్ సోడా, సబ్బు నూనె, నా ల్యాబుకి ఫార్మలిన్. యాసిడ్, హైపో రెండూ ఒకే రకం తెల్ల క్యాన్లలో, ఒకే పలచటి పసుపు రంగులో, ఒకే తల్లి బిడ్డల్లా పక్కపక్కన కూర్చుని ఉండేవి. ఆ రెండూ కలిస్తే మాత్రం క్లోరిన్ వాయువు పుడుతుంది. మనిషి ఊపిరితిత్తులకి అది చేసే మర్యాద అంతా ఇంతా కాదు.

మరి ఏది ఏదో ఎలా తెలిసేది? బాబాయి ముక్కుతో. నేను చేరిన కొత్తలో నన్ను స్టోరులోకి తీసుకెళ్ళి, ఒక్కో మూతా వదులు చేసి, చేత్తో గాలి ఇటు విసిరి పాఠం చెప్పారు. "ఇదిగో, నిమ్మకాయ కోసి ముక్కులో పిండినట్టు గుచ్చుతుంది చూడు, ఇది యాసిడ్. ఇది హైపో, బ్లీచింగ్ చల్లిన నూతి వాసన. ఐసు ప్లాంటు వేపు నుంచి పొద్దున్నే తలుపు తీసిన పశువుల పాక వాసన వచ్చిందనుకో, అమ్మోనియా లీకైనట్టు. పరిగెత్తు." చివర్లో తన ముక్కుని వేలితో తట్టి చూపించి, "దీనికి బీఎస్సీ అక్కర్లేదమ్మాయ్" అన్నారు. ఆయన పాఠంలో తప్పేమీ లేదు. తప్పల్లా ఆ పాఠాన్ని నమ్ముకుని ఒక ఫ్యాక్టరీ నడవడమే.

కొన్నేళ్ళు అలాగే నడిచింది. ఒక వేసవిలో మా రొయ్యలు కొనే దేశం నుంచి ఒక కట్ట కాగితాలొచ్చాయి. ఎండీ గారు వాటిని నా బల్ల మీద పడేశారు. ఆయన పుట్టుకతో కొబ్బరితోటల ఆసామి, ఆశతో రొయ్యల చెరువుల యజమాని, అదృష్టం కొద్దీ మేనేజింగ్ డైరెక్టరు. "ఏవమ్మా కెమిస్టూ, ఇదేదో నీ గోలలాగుంది, చూడు. వాళ్ళ మనిషి వచ్చి తనిఖీ చేస్తాడంట" అన్నారు.

పని జరిగే చోట వాడే ప్రతి రసాయనాన్నీ వర్గాలుగా విడదీయాలట. మండేవి, మంటని ఎగదోసేవి, ఒంటిని తినేసేవి, విషాలు, చిరాకు పుట్టించేవి. ఈ ఆఖరి వర్గం చదవగానే మా ప్లాంటులో చాలామంది మొహాలు కళ్ళ ముందు తిరిగాయి. ప్రతి డబ్బా మీదా దాని పేరు, ప్రమాదం తెలిపే బొమ్మ, ఒంటి మీద పడితే ఏం చెయ్యాలో ఉండాలి. పేరు లేని డబ్బాలో ఏదీ పొయ్యకూడదు. కలవకూడనివి పక్కపక్కన ఉండకూడదు.

రొయ్యలు వలిచే హాల్లో టీ వేళకి ఇదంతా చదివి వినిపించాను. అక్కడ పనిచేసేవాళ్ళంతా సముద్రపు ఒడ్డు ఊళ్ళ ఆడవాళ్ళు, నోట్లో మాట ఆగదు. "ఆయ్, బానే ఉందండీ. మరి మా సూపరవైజరు గారు ఏ రకంలోకి వత్తారండీ?" అంది ఒకావిడ. చిరాకు పుట్టించేవాటిలో వేద్దామన్నాను. "అబ్బే, అంతేనాండీ? ఒంటిని తినేసేవాటిలో ఎయ్యండి, దయుంచి" అంది. హాలంతా ఒకటే నవ్వు. సూపర్‌వైజరు గారు ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు.

నవ్వుకున్నాం గానీ, ఆ కాగితాల్లో వెర్రి మాట ఒక్కటీ లేదు. ఎక్కడో ఎవరి కళ్ళో పోతేనే అలాంటి ఒక్కో నియమం పుట్టి ఉంటుందని చదువుతుంటేనే అనిపించింది. మనసు పెట్టి చేద్దామనుకున్నాను. యాసిడ్‌ని, హైపోని వేరే వేరే గదుల్లో పెడదామంటే మాత్రం ఎండీ గారు చోటు లేదన్నారు.

లేబుళ్ళ కోసం అమలాపురంలో శుభలేఖలు అచ్చేసే ప్రెస్సుకి వెళ్ళాను. చేతి మీద యాసిడ్ పడి చెయ్యి కరిగిపోతున్న బొమ్మ కాగితాల్లో ఉంది. అది గియ్యమంటే ప్రెస్సాయన గీసిన చెయ్యి ఎంత భక్తిగా ఉందంటే, అరచెయ్యి కాస్త గుంటగా పట్టి గుళ్ళో తీర్థం పుచ్చుకుంటున్నట్టే ఉంది. అన్నాళ్ళూ శుభలేఖలు వేసిన చెయ్యి మరి, అశుభం వైపు తిరగనంది. ఇది చూసి ఎవరైనా నిజంగానే పుచ్చేసుకుంటారేమోనని భయం వేసింది. చివరికి అన్నిటికీ పుర్రె, రెండు ఎముకలు ఖాయం చేశాను. ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర పెట్టే డేంజరు బోర్డుల పుణ్యమా అని ఆ బొమ్మ ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. కింద పెద్ద తెలుగు అక్షరాల్లో పేరు వేయించాను. బాబాయి తెలుగు బాగా చదవగలరు, ఇంగ్లీషంటే మొహం తిప్పుకుంటారు.

లేబుళ్ళు అంటించిన మర్నాడు ఎండీ గారు స్టోరు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఇదేంటమ్మా! లచ్చిందేవి నడిచే చోట శ్మశానం పెట్టేవేంటి?"

"నియమం అండీ. ప్రమాదం అని తెలియాలి కదండీ."

"ప్రమాదం అని రాసుకుంటే వచ్చేస్తాది ప్రమాదం. పిలిచినట్టే."

ఆ మధ్యాహ్నమే ఎండీ గారు పిలిపించిన సిద్ధాంతి గారు వచ్చారు. బొండాం నీళ్ళు తాగి, స్టోరంతా ఒకసారి కలియజూసి, దిక్కులు లెక్కకట్టి, తీర్పు చెప్పారు. బొమ్మలు తియ్యక్కర్లేదట. పుర్రె యమధర్మరాజు సొత్తు, ఆయనది దక్షిణం. పుర్రెల మొహాలు దక్షిణానికి తిప్పితే దోషం లేదు. ఇటు కొనేవాళ్ళ నియమం చెల్లుతుంది, అటు యముడి నియమం చెల్లుతుంది. ఎండీ గారి మొహం వెలిగిపోయింది.

మా స్టోరులో దక్షిణం వైపు ఉన్నది గోడ. క్యాన్లన్నీ ఆ గోడకే ఆనించి ఉన్నాయి. నేను పూట పూటంతా కూర్చుని అంటించిన లేబుళ్ళన్నీ గోడవైపు తిరిగిపోయాయి. ఇటు నిలబడ్డవాడికి మళ్ళీ అవే పేరూ ఊరూ లేని తెల్ల క్యాన్లు.

"లేబులు మనుషులు చదవడానికండీ, గోడ చదవడానికి కాదు" అన్నాను.

"చదవాలనుకున్నోళ్ళు తిప్పుకుని చదూకుంటారమ్మా" అన్నారు ఎండీ గారు. నిండు క్యాను తిప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి.

ఈ ఏర్పాటుకి అందరికంటే సంతోషించింది బాబాయి. లేబుళ్ళు అంటించిన దగ్గర్నుంచీ ముభావంగా ఉన్న మనిషి, అవి గోడవైపు తిరగ్గానే కుర్చీలో కాలు మీద కాలేసుకున్నారు. ఎందుకో ఆ వారంలోనే తెలిసింది.

మా ఇల్లూ బాబాయి గారిల్లూ ఒకే ఆవరణలో ఉంటాయి. మా నాన్న పనసకాయ దింపించి, మా అరుగు మీద గోనెసంచి కింద మగ్గబెడితే, ఆ ఆదివారానికి పండింది. పండిన పనస సంగతి చెప్పాలా? వీధిలో పోయేవాళ్ళు మా గుమ్మం దగ్గర నడక తగ్గించి మరీ పోతున్నారు. ఈగలకి తెలిసింది, ఎదురింటి కుక్కకి తెలిసింది. బాబాయి వచ్చి ఆ గోనెసంచి పక్కనే కూర్చుని, పేపరు తిప్పుతూ, "ఏమ్మా, మీ నాన్న ఈ ఏడు పనసకాయ ఇంకా దింపించలేదా?" అని అడిగారు.

వేళాకోళం అనుకున్నాను. ఆయన మొహంలో వేళాకోళం లేదు.

మెల్లగా పక్కన కూర్చుని, "బాబాయి గారూ, మీకు వాసన తెలియట్లేదు కదూ?" అన్నాను. పడిశం అన్నారు. వేసవిలో పడిశమేంటన్నాను. పేపరు మడిచి, తెరిచి, మళ్ళీ మడిచారు. "రెండేళ్ళు దాటిందమ్మాయ్. మెల్లిమెల్లిగా పోయింది. ఆ గదిలో కూర్చుని కూర్చుని మొద్దుబారిపోయింది. ఎవరికీ చెప్పకు."

"మరి ఈ రెండేళ్ళూ యాసిడ్ ఏదో హైపో ఏదో ఎలా తెలుసుకుంటున్నారు?"

"వరసలో ఎడమ వేపు యాసిడ్, కుడి వేపు హైపో. నేనే పెట్టుకుంటాను, నేనే తీస్తాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూసినట్టు చేస్తాను, జనం కోసం."

ఆ మాట చెబుతూ నవ్వబోయారు. నాకు నవ్వు రాలేదు. లేబుళ్ళు ఇటు తిప్పించుకుంటే ముక్కుతో పనే లేదు కదా, కళ్ళున్నాయి కదా అని బతిమాలాను. దానికి ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ నన్ను వదలదు. "లేబులు చూసి చెప్పడానికి నేనెందుకమ్మా? ఎవడైనా చెప్తాడు. నన్ను మళ్ళీ ఎండలోకి పంపేస్తారు."

అదీ సంగతి. ఒక కుర్చీ, ఒక పేరు. అవి పోతాయన్న భయం ఆయనకి క్లోరిన్ కంటే పెద్దది. నాకు మాత్రం ఆ క్లోరిన్ భయమే పెద్దది. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఆ వరస మారిస్తే మా బాబాయి ఊపిరి పోతుంది, ఆయనతో పాటు ఇంకెంతమందిదో. ఒకపూట తటపటాయించి, సోమవారం నేరుగా ఎండీ గారి గదిలోకి వెళ్ళి చెప్పేశాను. ఆయన్ని తియ్యొద్దనీ, లేబుళ్ళు ఇటు తిప్పిస్తే చాలనీ చెప్పాను.

ఎండీ గారు పడీ పడీ నవ్వారు. "ముక్కు పని చెయ్యకపోతే మరీ మంచిదమ్మా! ఆ కంపులో మనలాంటోళ్ళు కూర్చోగలమా? దేవుడు చూసి ఎట్టేడు ఆయన్ని అక్కడ." లేబుళ్ళ సంగతి అడిగితే, తనిఖీ రోజున తిప్పిద్దాంలే అన్నారు. నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇన్నేళ్ళకీ ఆరలేదు. ఆరదు కూడా.

నేను చెప్పానని బాబాయికి తెలిసింది. తెలియకుండా ఉంటుందా, ఎండీ గారు ఎదురుపడగానే "ఏం స్టోరు గారూ, ముక్కు కులాసాయేనా?" అని పలకరిస్తుంటే. బాబాయి నాతో మాట మానేశారు. మా ఆవరణలో నేను ఎదురైతే కొబ్బరిచెట్టు పైకి చూస్తూ వెళ్ళిపోయేవారు.

తనిఖీకి రెండు రోజుల ముందు ప్లాంటంతా పెళ్ళివారిల్లయింది. సున్నాలు, ముగ్గులు, గుమ్మానికి మామిడాకులు. వచ్చే దొర రొయ్యల్ని చూస్తాడు గానీ మామిడాకుల్ని చూస్తాడా అని ఎవరూ అడగలేదు. స్టోరు కూడా కడగమన్నారు. క్యాన్లన్నీ బయటికి లాగి, నేల కడిగి, మళ్ళీ లోపల పెట్టారు. పుర్రెల్ని మాత్రం శ్రద్ధగా దక్షిణానికే తిప్పి పెట్టారు, తనిఖీ బాగా జరగాలని ఎండీ గారు పెట్టుకున్న పూజ ఉంది కనక. ఎడమ కుడుల సంగతి వాళ్ళకెవరు చెప్పారు? తెలిసిందల్లా బాబాయికీ నాకూ. నేను ల్యాబులో తనిఖీ రికార్డులు రాస్తూ కూర్చున్నాను. బాబాయికి ఆ సమయంలో పూజకి కొబ్బరికాయలు పురమాయించే పని అప్పగించారు.

వలిచే హాలు గుమ్మంలో సిమెంటు తొట్టి ఉంటుంది. లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళూ బూట్లు అందులో ముంచి వెళ్ళాలి. మర్నాడు పొద్దున్న దాన్నిండా అప్పటికే హైపో ఉంది. ఎండీ గారొచ్చి, "ఇంకాస్త ఘాటుగా ఉండాలండీ, దొర గారికి గుమ్మంలోనే తెలియాలి మనం శుభ్రం అని" అన్నారు. బాబాయి స్టోరులోకి వెళ్ళి, అలవాటు ప్రకారం కుడి వైపు సగం ఖాళీ అయిన క్యాను, పుర్రె అవతలికే ఉండగా లాగించుకుని, మూత తీసి, జనం కోసం ముక్కు దగ్గర చెయ్యి విసురుకుని, తొట్లోకి వంచేశారు.

నేను ల్యాబు గుమ్మంలో ఉన్నాను. తొట్టి మీద ఆకుపచ్చా పసుపూ కాని ఒక మసక లేచింది. గొంతులో మంట తగిలింది. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు కేకలేస్తూ, కొంగులు మొహాలకి అడ్డం పెట్టుకుని, ఆవరణలోకి పరిగెత్తారు. సూపర్‌వైజరు గారు వాళ్ళ కంటే ముందే పరిగెత్తారు. ఎండీ గారు అందరికంటే ముందు.

బాబాయి ఒక్కరూ కదల్లేదు. క్యాను వంచి పట్టుకుని, వెనక్కి తిరిగి, "ఏంటర్రా? ఏమైంది? పామేమన్నా వచ్చిందేంటి?" అని అడుగుతున్నారు. ఆయనకి వాసన లేదు కదా. పరిగెత్తాలని ఆ ముక్కు చెప్పలేదు. దగ్గొచ్చి వంగిపోయే దాకా అక్కడే నిలబడ్డారు.

ఊపిరి బిగబట్టి వెళ్ళి ఆయన చొక్కా పట్టుకుని లాగాను. బరువైన మనిషి. అంతకు ముందు సూపర్‌వైజరు గార్ని ఒంటిని తినేసేవాటిలో వెయ్యమన్న ఆవిడే వెనక్కి పరిగెత్తుకొచ్చి రెండో చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఆయన్ని బయట గాలిలోకి ఈడ్చుకొచ్చాం. కళ్ళు నీళ్ళతో కడిగాం. రొయ్యల వ్యానులోనే అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా ఆయన నా చెయ్యి వదల్లేదు, మాట మాత్రం మాట్లాడలేదు. మాట్లాడే ఊపిరి లేదు.

మర్నాడు దొర వచ్చాడు. లేబుళ్ళన్నీ ఆ పొద్దున్నే ఇటు తిప్పించారు. అక్షరాలు పెద్దగా, స్థానిక భాషలో ఉన్నాయని తెగ మెచ్చుకున్నాడట. ఎండీ గారు వినయంగా తల వంచి, కార్మికుల క్షేమమే మా ధ్యేయం అన్నారట. ఆ మాటలు వినడానికి నేనక్కడ లేను. ఆసుపత్రిలో, ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న బాబాయి పక్కన బల్ల మీద పిన్నితో కూర్చుని ఉన్నాను.

డాక్టరు గారు వచ్చి ప్రాణానికి భయం లేదన్నారు. ఇక ఆ గదిలో కాలు పెట్టకూడదన్నారు. వాసన ఎప్పట్నుంచి తెలియట్లేదని అడిగారు. బాబాయి రెండు వేళ్ళు చూపించారు. "రెండేళ్ళా?" తల ఊపారు. పిన్నికి అదే మొదటిసారి తెలియడం. లేచి వరండాలోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్తుంటే బస్సులో చెప్పింది. "రెండేళ్ళ నుంచే కదే, గుమ్మంలో కాలెట్టగానే 'ఏం ఘుమాయిస్తందే నీ వంట ఇయ్యాళ' అనేవోరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎప్పుడూ అలా అన్న మనిషి కాదు. వయసు మళ్ళేక నా విలువ తెలిసిందనుకున్నాను." కిటికీ వైపు తిరిగి ముక్కు చీదింది. "నాకు తెలిసిపోద్దని అనేవోరన్నమాట."

బాబాయిని ఇంటికి తెచ్చారు. ప్లాంటు వాళ్ళు ఇంకో కుర్చీ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. రోజంతా అరుగు మీద కూర్చునేవారు. పిన్ని వేళకి వడ్డించేది, ఆయన తప్పు చేసినవాడిలా తల వంచుకుని తినేవారు. ఇద్దరి మధ్యా గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. పిన్ని వడ్డించి లోపలికి వెళ్ళబోయి, ఆగి, వెనక్కొచ్చి ఆయన ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది. "మావిడికాయ పప్పండీ. ఇంగువ పోపెట్టేను. మిరపకాయలు కాస్త మాడేయి, ఆ వాసన కూడా వస్తంది. నెయ్యి ఇప్పుడే కాచింది" అని చెప్పింది, అలిగిన పిల్లాడికి చెప్పినట్టు.

బాబాయి ముద్ద కలిపి పట్టుకున్నారు. ఆవిడ మొహంలోకి చూసి అడిగారు.

"ఘుమాయిస్తందా?"

"వీధి చివరి దాకాండీ" అంది పిన్ని.